పాత మోటారు కారు: బాగుచేయించుటయా, వదలుకొనుటయా?

(యుగాది ఉత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ వేదిక మీద ఏటేటా కావ్యములను గురించి, పురాణములను గురించి మాటలాడే పండితులున్నారు. మేము మెట్రిక్కుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనేవారము. మాకు తెలిసినవి ఫైళ్ళు, రిజిస్టర్లు, పాతసామాను పట్టీలు. "మీకు తెలిసినదే చెప్పండి" అని కార్యదర్శిగారు బలవంతపెట్టినారు గనుక పాతసామానును గురించియే నాలుగు మాటలు చెప్పదలచినాము. అయితే ఇది సర్కారువారి పాతసామాను కాదు. మన పెరంబూరు తెలుగు కుటుంబములలో ఒకరి ఇంటి వెనుక, రేకుల షెడ్డులో, నలుబది యేళ్ళుగా కదలక పడియున్న ఒక మోటారు కారు. దానిని బాగుచేయించుట మేలా, తూకమునకు అమ్మివేయుట మేలా అని ఆ ఇంటివారు మమ్ములను సలహా అడిగినారు. మేమును, వర్కుషాపులో ఫిట్టరుగా ఉన్న మా మిత్రుడును కలసి ఆరు ఆదివారములు ఆ షెడ్డులో గడిపినాము. వారి అనుమతితోనే ఈ సంగతి చెప్పుచున్నాము. పేర్లు మాత్రము చెప్పము.

ముందుగా ఆ కారు ఎటువంటిదో మనవి చేస్తాము. అది ఇంగ్లండులో తయారయిన ఎం.జి. కంపెనీవారి టి.సి. రకము, 1948 నాటిది. ఇద్దరు మాత్రమే కూర్చొనదగినది. టాపు వెనుకకు మడిచివేయవచ్చును. ఇటువంటి వాటిని స్పోర్ట్సు కార్లు అంటారు. ఎం.జి. అన్న పేరు మన యువకులకు 2019 నుండి మన దేశములో అమ్ముడవుతున్న పెద్ద పెద్ద కార్ల మూలమున తెలిసినదే. ఆ పేరు ఇప్పుడు ఒక చైనా కంపెనీ చేతిలో ఉన్నది. ఆదిలో అది ఆక్స్‌ఫర్డు పట్టణములోని 'మారిస్ గ్యారేజెస్' అన్న దుకాణము పేరులోని రెండు అక్షరములు. ఆ దుకాణమునకు 1922లో మేనేజరయిన సిసిల్ కింబర్ అనే ఆయన, మామూలు మారిస్ కార్ల చట్రముల మీద చురుకైన చిన్న బాడీలు కట్టించి అమ్మనారంభించినాడు. పని పెరిగి అబింగ్‌డన్ అనే ఊరికి మారినది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడినది.

రైల్వేవారమైన మాకు ఈ కింబరుగారి కథలో ఒక సంగతి మనస్సుకు తగిలినది. ఆయన 1941లో ఆ కంపెనీనుండి తొలగింపబడినాడు. 1945 ఫిబ్రవరి 4వ తేదీ సాయంత్రము లండను కింగ్స్ క్రాస్ స్టేషనులో ఆయన ఎక్కిన రైలు బయలుదేరి, సొరంగములోని ఎత్తు ఎక్కలేక చక్రములు జారి, వెనుకకు దొర్లి వచ్చినది. చిట్టచివరి పెట్టె పట్టాలు తప్పి సిగ్నలు స్తంభములకు కొట్టుకొన్నది. మరణించిన ఇద్దరిలో కింబరు ఒకరు. అదే సంవత్సరము చివర టి.సి. కారు బయటికి వచ్చినది. ఆయన దానిని చూడలేదు.

1945 నుండి 1949 వరకు ఈ టి.సి. కార్లు సుమారు పదివేలు తయారయినవి. మొదటి కారు నంబరు 0251. ఒకటితో మొదలుపెట్టక ఇదేమి లెక్క అంటారేమో. అది ఆ ఫ్యాక్టరీ టెలిఫోను నంబరు. ఇంజను 1250 సి.సి.లది, 54 గుర్రముల శక్తి. పందొమ్మిది అంగుళముల ఊచల చక్రములు. ముందు ఇరుసు కూడ ఎద్దుబండి ఇరుసువలె ఇటునుండి అటు ఒకే కడ్డీ. చట్రము ఇనుము, దాని మీద బాడీకి యాష్ అనే కొయ్యతో పంజరము కట్టి, ఆ పంజరమునకు ఇనుప రేకులు తొడిగినారు. ఈ కొయ్య సంగతి జ్ఞాపకముంచుకోండి. మరల దానికి వస్తాము.

ఆ ఇంటి పెద్దాయన నెల్లూరు ప్రాంతమునుండి వచ్చి ఇక్కడ చిన్న చిన్న కంట్రాక్టులు చేసి స్థిరపడినవారు. 1961లో, ఊరు విడిచి పోతున్న ఒక దొర వద్ద ఈ కారు కొన్నారు. 1984లో క్లచ్చి కాలిపోయినది, ఆయనకు చూపు మందగించినది, కారు షెడ్డుకెక్కినది. ఆయన పోయి పదేళ్ళు దాటినది. ఇప్పుడు చిన్న కుమారుడు ఆ ఇంట ఉన్నాడు. చిన్న జీతము. ప్రావిడెంటు ఫండులో కొంత నిలువ ఉన్నది. అది తీసి నాయన కారు నిలబెట్టవలెనని ఆయన కోరిక. కుమార్తె ప్లస్ టూ ముగించి కాలేజీలో చేరబోతున్నది. ఆయన భార్య మాతో, "అన్నా, మీరైనా చెప్పండి. తుప్పుకు పోసే డబ్బు పిల్ల చదువుకు పోయవద్దా?" అన్నది. ఆ మాటకు తగిన సమాధానము లేనిదే స్పానరు పట్టరాదని మేము నిశ్చయించుకొన్నాము.

మా ఆఫీసులో ఒక వ్యాగనును పనికిరానిదని తీసివేయుటకు ముందు కొన్ని కాగితములు తయారు కావలెను. వయస్సెంత, నంబరు ఏది, ఏయే భాగములు చెడినవి, బాగుచేయ ఎంత, అమ్మితే ఎంత. ఇవి వ్రాసి, సరిచూచి, సంతకములైన తరువాతనే గాని దాని మీద సుత్తి పడదు. ఈ పద్ధతి కారుకు మాత్రము ఎందుకు పనికిరాదు? మూడు ప్రశ్నలు వేసుకొన్నాము. ఇది నిజముగా ఏది? ఇందులో ఏమి మిగిలినది? దీనిని ఎందుకు బాగుచేయవలెను?

మొదటి ప్రశ్న కాగితములది. కారు యొక్క విలువలో సగము ఇనుములో కాక నంబరులో ఉంటుందంటే మొదట మేమును నమ్మలేదు. చట్రము ముందు కొమ్మ మీద కొట్టిన నంబరు, లోపలి రేకు మీది నంబరు, ఇంజను మీది నంబరు, రిజిస్ట్రేషను పుస్తకములోని నంబర్లు — ఇవన్నియు ఒకదానితో ఒకటి కలియవలెను. తుప్పు గోకి, కిరసనాయిలుతో తుడిచి, టార్చిలైటు వేసి చూడగా అన్నియు కలిసినవి. ఇంజను నంబరుకు ముందు ఎక్స్.పి.ఏ.జి. అన్న అక్షరములు ఉన్నవి. అవి ఆ కాలపు ఎం.జి. ఇంజనుకు గుర్తు. ఎవరో మధ్యలో అంబాసిడరు ఇంజనో, జీపు ఇంజనో పెట్టియుంటే కథ వేరుగా ఉండేది.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పుతాము. 2021లో కేంద్ర ప్రభుత్వమువారు పాతకాలపు వాహనములకు ప్రత్యేకముగా నిబంధనలు చేసినారు. మొదటి రిజిస్ట్రేషను అయి ఏబది యేళ్ళు దాటిన సొంత వాహనము, చట్రములోను బాడీలోను ఇంజనులోను పెద్ద మార్పు లేక మొదటి రూపముననే ఉంటే, దానిని 'వింటేజి' వాహనముగా నమోదు చేయవచ్చును. కొత్త నమోదుకు రు. 20,000, పదేళ్ళకు చెల్లును, తిరిగి చేయించుటకు రు. 5,000. నంబరులో 'వి.ఏ.' అన్న అక్షరములుంటవి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు రోడ్డు మీదకు తీయవచ్చునుగాని, రోజూ ఆఫీసుకు పోవుటకు పనికిరాదు. కాబట్టి, చవుకగా వస్తున్నదని వేరే ఇంజను బిగించుకొంటే కారు నడుస్తుంది గాని తన జన్మ హక్కు పోగొట్టుకొంటుంది.

ఈ సందర్భములో ఒక హెచ్చరిక. మేము చూచుచుండగానే ఒక వ్యాపారి వచ్చినాడు. తూకపు ధర కంటె ఎన్నో రెట్లు ఇస్తానన్నాడు. సంతోషించి, "కారు ఎప్పుడు తీసుకొనిపోతారు?" అని అడిగినాము. "కారు మీరే ఉంచుకోండి. పుస్తకము, నంబరు రేకు, చట్రము మీది నంబరున్న ముక్క ఇస్తే చాలు" అన్నాడు. అంటే మరెక్కడో కాగితములు లేని కారు ఉన్నదన్నమాట. దానికి ఈ కారు పేరు తగిలించవలెనన్నమాట. చనిపోయిన ఉద్యోగి పేరు మీద ఇంకొకడు జీతము తీసుకొన్నట్లే ఇది. అది నేరమని చెప్పి పంపివేసినాము. ఆయన పోయిన తరువాత ఇంటివారికి ఒక సంగతి మాత్రము బోధపడినది: ఎండిన టైర్ల మీద కూలబడిన ఆ వస్తువులో, పరాయివాడు కోరదగినదేదో ఉన్నది.

రెండవ ప్రశ్న, ఏమి మిగిలినదని. ఇక్కడ మా ఫిట్టరు మిత్రుడే గురువు. ఆయన చూచిన వరుస చెప్పుతాము. ఇతరులకు పనికివస్తుంది.

మొదట చట్రము. ఇది వెన్నెముక. పడుకొని అడుగునుండి అంగుళము అంగుళము సుత్తితో తట్టినాడు. గణగణమంటే గట్టిది, బద్దబద్దమంటే లోపల తుప్పు తిన్నది. అదృష్టవశమున చట్రము రెండు చోట్ల తప్ప గట్టిగానే పలికినది. పాత ఇంజను నూనె కారి కారి అడుగున పొరకట్టి ఇనుమును కాపాడినది. మురికి కూడ ఒక్కొక్కప్పుడు మేలు చేస్తుంది.

రెండవది కొయ్య. తలుపు తీసి, చివర పట్టుకొని పైకి ఎత్తి చూచినాడు. తలుపు మాత్రమే లేవవలెను. దానితో కూడ కమ్మీ కదిలితే లోపలి నిలువు కొయ్య పోయినట్లే. కదిలినది. సన్నని స్క్రూడ్రైవరుతో పొడిచితే వెన్నలో దిగినట్లు దిగినది. ఇంగ్లండులో ఈ కొయ్యను చెమ్మ తింటుంది. మన మద్రాసులో చెమ్మతోపాటు చెదలు కూడ తింటవి. పంజరములో ముప్పాతిక వంతు పిండి అయిపోయినది. చాలమంది ఇక్కడనే చేతులెత్తివేస్తారు. కాని కొయ్యపని, చెప్పదలచుకొంటే, భయపడవలసిన పని కాదు. పాత ముక్కలు పూర్తిగా రాలిపోకముందే వాటిని నమూనాగా పెట్టుకొని మంచి వడ్రంగి కొత్తవి చేయగలడు. యాష్ మన దక్షిణాదిని దొరకదు. ఏ కొయ్య వాడినామో వ్రాసి ఉంచుకొంటే సరి.

మూడవది రేకులు. చిన్న అయస్కాంతమును దారమునకు కట్టి రేకుల మీద నడిపించినాడు. ఇనుమున్నచోట అంటుకొంటుంది; పైన రంగు, లోపల పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. బయటికి నిగనిగలాడే మడ్గార్డు కంటె తుప్పు కనబడే మడ్గార్డు నయము. దాని రోగము పైకి కనబడుచున్నది.

నాల్గవది ఇంజను. బిగుసుకొనిపోయి ఉన్నది. ఇటువంటప్పుడు బ్యాటరీ పెట్టి స్టార్టరు తిప్పరాదు. పిస్టన్లు, కడ్డీలు విరుగుతవి. ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రములలో డీజిలు, ఇంజను నూనె కలిపి పోసి, రోజూ ఒకసారి ముందున్న హ్యాండిలు పట్టి మెల్లగా ఒత్తిచూడవలెను. పన్నెండవ రోజున హ్యాండిలు అరంగుళము కదిలినది. ఆ రోజు ఇంట అందరికి కాఫీలు ఇచ్చినారు. చెప్పవద్దన్న భార్యగారే ఇచ్చినారు.

ఈ ఇంజనుకు ఒక వింత గుణము ఉన్నది. మారిస్ కంపెనీవారు 1923లో కోవెంట్రీలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీవారి ఫ్యాక్టరీ కొన్నారు. యంత్రములు ఫ్రెంచి కొలతలవి. అందుచేత దీని బోల్టులకు మరలు మిల్లీమీటరు లెక్కన ఉంటవి, తలలు మాత్రము ఇంగ్లీషు విట్‌వర్త్ కొలత. బజారులో దొరికే స్పానరు పట్టదు. బజారు బోల్టు బలవంతముగా తిప్పితే మర చెడుతుంది. ఆవిరి ఇంజన్ల కాలపు విట్‌వర్త్ స్పానర్లు మా మిత్రుని తండ్రిగారి పెట్టెలో ఉన్నవి. పింఛను పుచ్చుకొన్న ఫిట్టర్ల ఇండ్లలో వెదికితే ఇటువంటివి దొరకుతవి. పెరంబూరులో కారు ఉండుట ఆ కారు పుణ్యము.

ఐదవది చిల్లర సామాను. దీపములు, గడియారమువంటి మీటర్లు, రెండు కార్బురేటర్లు, రేడియేటరు తొడుగు, అద్దపు చట్రము, చక్రపు మూతలు. అందరు దీనిని ఆఖరున చూస్తారు. మా లెక్కలో ఇదే ఖర్చు. విరిగినదానిని అతికించవచ్చును, లేక దానిని చూచి కొత్తది చేయవచ్చును. లేనిదానిని ఏమి చూచి చేస్తారు? ఈ కారులో ఒక దీపము, ఒక మీటరు తప్ప అన్నియు ఉన్నవి. పెద్దాయన ఊడినదెల్ల బిస్కట్టు డబ్బాలలో వేసి, మూత మీద పేరు వ్రాసి పెట్టినారు.

ఇక్కడ మొదట చెప్పిన పదివేల లెక్క పనికివచ్చినది. అరుదైన కారే విలువైన కారని చాలమంది అనుకొంటారు. యాభయ్యో, అరవయ్యో తయారయిన కారు నిజముగా అరుదే. కాని దాని తలుపు పిడి పోతే లోకములో మరొకటి దొరకదు. టి.సి. అట్లు కాదు. అమెరికాలో 1948లోనే ఈ కార్ల కోసము మొదలయిన మాస్ అనే దుకాణము నేటికిని సామాను అమ్ముచున్నది. ఇంగ్లండులో 1930 నుండి ఎం.జి. కారు క్లబ్బు ఉన్నది. దాదాపు ప్రతి భాగము ఇప్పటికిని కొత్తగా దొరకుతుంది. అయితే దాని ధర మీద ఓడ ఖర్చు, సుంకము కలిపి చూచుకోవలెను. ఆ పందొమ్మిది అంగుళముల టైర్లు ఒక్కటే మాకు గుండె ఝల్లుమనిపించినవి.

మూడవ ప్రశ్న, ఎందుకని. ఇది డబ్బు ప్రశ్న, మనస్సు ప్రశ్న కూడ. ఒక మెకానికు మొత్తము బాగుచేయుటకు చెప్పిన మొత్తము, ఆ ఇంటాయన మూడేళ్ళ జీతమునకు పైచిలుకు. ఇటువంటి పనులలో మొదటి అంచనా ఎప్పుడును చివరి అంచనా కాదు. విప్పినకొలది పని పెరుగుతుంది. పైగా, బాగుచేయించుటకు అయిన ఖర్చు అమ్మితే తిరిగి వస్తుందని ఆశించరాదు. రాకపోవుటే మామూలు. లాభము కోసమైతే వద్దని స్పష్టముగా చెప్పినాము. ఆయన తల వంచుకొన్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి ఒక పుస్తకము తెచ్చినది. కారు సీటు క్రింద దొరికినది. "మామా, ఇది తాత చేతివ్రాత. ఏముందో చదివిపెట్టండి" అన్నది. ఆ బిడ్డకు తెలుగు మాట వచ్చునుగాని అక్షరములు రావు. చదువంతయు తమిళము, ఇంగ్లీషు. 1961 నుండి 1984 వరకు, ఎంత పెట్రోలు పోసినది, ఎన్ని మైళ్ళు నడిచినది, ప్లగ్గులు ఎన్నడు మార్చినది, తెలుగు అంకెలతో లెక్క. నడుమ నడుమ ఒక్కొక్క వాక్యము. "షోలవరము పోయి పందెములు చూచి వచ్చితిమి." షోలవరములో యుద్ధకాలపు విమాన స్థలము మీద కార్ల పందెములు జరిగేవి కదా. "నెల్లూరి దారిలో టైరు ప్రేలినది. సాయము చేసినవాడు మన వైపువాడే." "పాపకు ఒళ్ళు కాలినది, రాత్రి రెండింటికి ఆసుపత్రికి చేర్చితిని." ఆ పాప ఈ అమ్మాయికి మేనత్త. చదువుచుండగా ఇంటివారు కుర్చీలు తెచ్చుకొని చుట్టు చేరినారు. ఆ రోజు కారు పని ఏమియు జరగలేదు.

కార్ల వ్యవహారములో ఇటువంటి పుస్తకమునకు గొప్ప విలువ ఉన్నదట; కారు చరిత్రకు సాక్ష్యము గనుక. మాకు తోచినది వేరు. మూడవ ప్రశ్నకు సమాధానము ఆ పుస్తకములో దొరికినది. ఈ కారు లాభమునకు కాదు, ప్రదర్శనకు కాదు. ఇది ఆ కుటుంబపు దస్తావేజు.

మన పెరంబూరు లోకో వర్కుషాపువారు చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పుకోవలెను. 1855లో లీడ్సులో కిట్సన్ కంపెనీవారు చేసిన ఇ.ఐ.ఆర్. 21 అనే ఆవిరి ఇంజను 1909లో పని మానినది. నూరేళ్ళు బొమ్మవలె నిలిచియున్నది. దానిని ఇక్కడికి తెచ్చి, లేని భాగములు కొత్తగా చేసి, 2010 ఆగస్టు 15న పట్టాల మీద నడిపించినారు. అది మహాకార్యమే. కాని వెనుక రైల్వే శాఖ ఉన్నది, వర్కుషాపు ఉన్నది, వందల చేతులున్నవి. ఒక సంసారి అదే పనికి పూనుకొంటే ఇల్లు గుల్ల అవుతుంది. అందుచేత బాగుచేయుట, పారవేయుట అన్న రెంటికి నడుమ మూడవ దారి ఒకటి ఉన్నదని మేము చెప్పినాము. అది ఉన్నదానిని ఇక చెడకుండ నిలుపుట.

దానికి అయిన ఖర్చు ఒక నెల జీతము కంటె తక్కువ. కారును ఎత్తి దుంగల మీద నిలిపినాము. ట్యాంకులో జిగురైపోయిన పెట్రోలు తీసివేసినాము. షెడ్డుకు చెదల మందు కొట్టించి, రేకుల చిల్లులు మూయించినాము. ఊడదీసిన ప్రతి ముక్కకు చీటి కట్టి, ఫోటో తీసి, రిజిస్టరులో ఎక్కించినాము. ఆ రిజిస్టరు మాత్రము మా చేతిదే. కారు మీద ప్లాస్టికు గుడ్డ కప్పరాదు, చెమ్మ పట్టివుంచుతుంది. నూలు దుప్పటి కప్పినాము. అన్నిటికంటె ముఖ్యముగా, వారసుల అంగీకారముతో 31వ నంబరు ఫారము పెట్టి పుస్తకమును కుమారుని పేరుకు మార్పించుకొనే పని మొదలుపెట్టించినాము. ఇంజను ఎంత బాగున్నను, చనిపోయినవారి పేరున ఉన్న కారు వివాదమునకు మూలము.

మిగిలిన పనిని మూడు పట్టీలుగా వ్రాసి ఇచ్చినాము: ఆగరానివి, ఆగదగినవి, అలంకారములు. ఏడాదికి ఒక పని. ఆ ఏటి మిగులులోనే. ప్రావిడెంటు ఫండు ముట్టరాదు. ముందు కాలేజీ ఫీజు, తరువాత కొయ్య. భార్యగారు ఆ కాగితము మడిచి దేవుని పటము వెనుక పెట్టినారు. అంటే ఒప్పుకొన్నట్లే.

ఇప్పటికి అమ్మాయి కాలేజీలో చేరినది. ఎడమ తలుపు వైపు కొయ్యలు రెండు కొత్తవి వచ్చినవి. కారు ఇంకను రోడ్డెక్కలేదు. ఎక్కుటకు ఐదేళ్ళో, ఎనిమిదేళ్ళో పట్టవచ్చును. పుస్తకములో మేము చదివి వినిపించినది సగమే. మిగిలినది తానే చదువుకొంటానని ఆ బిడ్డ మన సంఘము ఆదివారపు తెలుగు తరగతిలో చేరినది. ఇప్పుడు గుణింతములు దాటినది.

సభవారిలో చాలమంది ఇండ్లలో కార్లుండకపోవచ్చును. హార్మోనియములు, కుట్టుమిషనులు, గోడగడియారములు, తాతల లెక్కపుస్తకములు ఉండి తీరుతవి. అమ్మవద్దని మేము చెప్పబోము. అవసరము వస్తే అమ్ముకోవలసినదే. అమ్మకముందు ఒక్క ఆదివారము దాని దగ్గర కూర్చొని, ఇది ఏది, ఇందులో ఏమి మిగిలినది, మనకెందుకు అని అడిగి, సమాధానములు కాగితము మీద వ్రాసుకోండి. మా మిత్రుని స్పానర్లు అడిగినవారికి ఇస్తారు. తిరిగి ఇచ్చే షరతు మీద.